కొల్లూరు - కొల్లూరి: ఊరు ఇంటిపేరైన కథ

తెనాలికి చేరువలో, కృష్ణానదికి పడమటి వైపున కొల్లూరు అనే గ్రామం ఉన్నది. 2022 వరకు ఇది గుంటూరు జిల్లాలోనిది. ఆ సంవత్సరం ఏర్పడిన బాపట్ల జిల్లాలో చేరినది. ఈ ఊరిని ఎన్నడూ చూడనివారు సైతం ‘కొల్లూరి’ అనే ఇంటిపేరు వినే ఉంటారు. కొల్లూరివారు కోస్తాలోను, తెలంగాణలోను కలరు. ఒక కులంలో గాక పలు కులాలలో కలరు. వీరందరూ ఒకే వంశంవారా? ఇంటిపేరు చరిత్రకు ఒక సాక్ష్యం. అయితే ఏ సాక్షి అయినా తనకు తెలిసినంతవరకే చెప్పగలడు గదా!

ముందుగా ఆ పదాన్నే పరిశీలిద్దాం. ‘కొల్లూరు’ చివరి ఉకారం ‘కొల్లూరి’లో ఇకారమెందుకైనది? వ్యాకరణంలో ఔపవిభక్తికాలను గురించి చదివిన విద్యార్థులకు ఇది సులభంగా బోధపడుతుంది. ఊరు, ఊరి అయినట్లే కొల్లూరు, కొల్లూరి అయినది. అనగా ‘కొల్లూరి యొక్క’, ‘కొల్లూరికి చెందిన’ అని భావం. పాడు ‘పాటి’ అవుతుంది, ప్రోలు ‘ప్రోలి’ అవుతుంది, వీడు ‘వీటి’ అవుతుంది. గన్నవరం నుండి గన్నవరపువారు, కొండవీడు నుండి కొండవీటివారు ఈ విధంగానే వచ్చినారు.

ఒక ఊరిలో అందరూ ఆ ఊరివారే. అక్కడ ఊరిపేరు చెప్పి మనిషిని గుర్తించటం సాధ్యం కాదు. పొరుగూరికి పోయినప్పుడే ‘కొల్లూరివారు’ అన్న మాటకు ప్రయోజనం కలుగుతుంది. శ్రీకృష్ణదేవరాయల కాలపు కథలలో ప్రసిద్ధుడైన తెనాలి రామకృష్ణుని ఇంటిపేరు గార్లపాటి అని చెబుతారు. అది గార్లపాడు అనే ఊరిపేరు నుండి పుట్టినది. తరువాత మరొక ఊరైన తెనాలి ఆయన పేరుకు ముందు చేరి, పాత ఇంటిపేరును మరుగుపరచినది.

అయితే ఈ సూత్రం అన్నిచోట్ల వర్తించదు. చర్మ పరిశోధనలో ప్రపంచఖ్యాతి గాంచిన యలవర్తి నాయుడమ్మ 1922లో జన్మించినది తెనాలి ప్రాంతపు యలవర్రు గ్రామంలోనే. పర్రు ‘పర్తి’ అయినట్లే యలవర్రు ‘యలవర్తి’ అయినది. ఇక్కడ ఇంటిపేరూ, పుట్టిన ఊరూ ఒకటే. కనుక ఊరు విడిచినవారికి మాత్రమే ఊరిపేరు అంటుకొంటుందని నిశ్చయించరాదు.

మరొక చిక్కు ఉన్నది. కొల్లూరు ఒకటి కాదు. 17వ శతాబ్దిలో ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే చూచిన వజ్రాల గనుల కొల్లూరు, నదికి ఎగువన పల్నాటి సీమలోనిది; ఆ స్థలం నేడు పులిచింతల జలాశయపు ముంపులో ఉన్నది. హైదరాబాదు చెంత ఒక కొల్లూరు, కర్ణాటకలో మూకాంబికాలయం గల కొల్లూరు కూడ కలవు. ఇంటిపేరు ఊరిపేరును చెప్పగలదు. ఆ పేరుగల ఊళ్ళలో ఏది మనదో చెప్పజాలదు.

ఇంటిపేరును ముందు చెప్పే ఆచారం మనకే గాక యూరపులోని హంగరీవారికి కూడ ఉన్నది. వారిలో కొవాచ్ అనే ఇంటిపేరు మిక్కిలి విరివి. దాని అర్థం కమ్మరి. ఊరిపేరుకు ‘ఇ’ చేర్చి ఇంటిపేరు చేయటం కూడ వారిలో ఉన్నది: సెగెద్ ఊరివాడు సెగెది. ఇది వింతగా తోచినా యాదృచ్ఛికమే. తెలుగు ద్రావిడ భాష, హంగేరియను యురాలిక్ కుటుంబానికి చెందినది.

కమ్మరి లేని పల్లె ఉండదు. కాబట్టి కొవాచ్ అనే పేరు అనేక గ్రామాలలో వేరువేరుగా పుట్టినది. ఇంగ్లీషులో స్మిత్ అన్నా కమ్మరే. తండ్రి నుండి కొడుకుకు ఇంటిపేరు వచ్చినట్లే వై క్రోమోసోము కూడ వస్తుంది. ఈ ఆధారంతో ట్యూరీ కింగ్, మార్క్ జాబ్లింగ్ అనే శాస్త్రజ్ఞులు బ్రిటనులో 40 ఇంటిపేర్లను పరిశోధించి 2009లో ఫలితాలు ప్రకటించినారు. అరుదైన ఇంటిపేరు గలవారిలో చాలమందికి ఒకే మూలపురుషుని జాడ కనిపించినది. స్మిత్ వంటి పేరు గలవారిలో అట్టి సంబంధం కనిపించలేదు.

కొల్లూరివారి విషయంలోను ఇట్లే తర్కించవచ్చు. ఒకే ఊరి నుండి వేరువేరు కుటుంబాలు, వేరువేరు కాలాలలో తరలిపోయి ఉండవచ్చు. ఇంటిపేరు ఒకటైనంత మాత్రాన రక్తసంబంధం రుజువు కాదు, కులమూ తెలియదు.

విద్యార్థులు ఒక చిన్న లెక్క వేసి చూడవచ్చు. ప్రతివారికి తల్లిదండ్రులు ఇద్దరు, వారి తల్లిదండ్రులు నలుగురు, ఆపై తరంలో ఎనిమిదిమంది. ఆ ఎనిమిదిమందిలో ఒక్కరి వంశపు ఇంటిపేరే మనకు దక్కినది. అమ్మమ్మ పుట్టింటివారి పేరు, నాయనమ్మ పుట్టింటివారి పేరు, వారు వచ్చిన ఊళ్ళ పేర్లు పెద్దలు చెప్పగలిగినప్పుడే అడిగి వ్రాసి ఉంచాలి. ‘కొల్లూరి’ని ‘కె.’ అనే ఒక్క పొడి అక్షరంగా కుదించి వ్రాసే అలవాటు పెరిగినకొద్దీ, పేరులో మిగిలిన ఆ ఒక్క ఊరి జాడ కూడ చెరిగిపోతుంది.