ఆమ్లీకరణము
సముద్రములు ఆమ్లములైపోయినవని యొక పత్రికలో చదివి, ఆమ్లీకరణశబ్దమునకెంత దుర్గతి పట్టెనని నొచ్చుకొంటిని. షడ్రసములలో పులుపునకు సంస్కృతమున అమ్లమని పేరు, చింతకు అమ్లిక. ఆ రుచి పేరే రసాయనశాస్త్రమున యాసిడ్డునకు సరిపదమయ్యెను. ఆమ్లీకరణశబ్దమందలి చ్వి ప్రత్యయమునకు వైయాకరణులు చెప్పిన యర్థము అభూతతద్భావము, అనగా కానిది అగుట. కావున నిది గమనమునే చెప్పును గాని గమ్యమును గాదు. మనము కాల్చిన బొగ్గుచమురుల నుండి వెలువడు కార్బన్ డయాక్సైడున నాలుగవవంతు వఱకు కడలి పీల్చుకొనగా అది నీట కార్బనికామ్లమై, పారిశ్రామికయుగారంభమున 8.2 ప్రాంతముననున్న పైనీటి పీహెచ్ 8.1కి దిగి, ఆల్చిప్పలకు, పగడములకు గుల్లకట్టు కార్బనేటు కఱవగుచున్నది. అయినను 7 దాటియున్నంతవఱకు ఆ నీరు క్షారమే. పౌరాణికులు లవణసముద్రమును క్షారోదమనిరి, మన వంటింటి కారము కూడ ఆ క్షారమునకు తద్భవమే.