బెజవాడ కొండల శిలాచరిత్రము

కృష్ణానది మహాబలేశ్వరమున జనించి, నల్లమల శిలలను గోసికొని, శ్రీశైల నాగార్జునకొండల నతిక్రమించి, బెజవాడకడ రెండు కొండల నడుమఁ దుదిసారి యిఱుకునఁ బడును. ఉత్తరతీరమున నింద్రకీలాద్రి, దక్షిణతీరమున సీతానగరపుఁ గొండ. ఆ కనుమ దాఁటిన పిమ్మట సముద్రము చేరువఱకు నదికిఁ గొండ యెదురుపడదు; ఉన్నదంతయు నది తెచ్చి పోసిన మన్నే. కావున డెల్టా చరిత్రమును వ్రాయఁబూనినవా రీ కనుమకడనే మొదలిడుదురు. కాని వారు శాసనములతోడను దేవాలయములతోడను నారంభింతురు. ఆ శాసనములు చెక్కిన ఱాతి చరిత్రము వానికంటె నెంతయో పూర్వమైనది. దానిని విచారించుట యప్రస్తుతము గాదు.

నదిని గొండ లడ్డగింపఁగా వానికి బెజ్జము పడి నీటికి దారి యేర్పడె ననియు, అందుచేత నూరికి బెజ్జమువాడ యను పేరు గలిగి యదియే బెజవాడ యయ్యె ననియు జనులు చెప్పుకొందురు. ఈ వ్యుత్పత్తి రమ్యమే కాని వ్యాకరణమునకుఁ బొసఁగదు. మువర్ణాంతమైన బెజ్జము శబ్దము సమాసమునఁ బూర్వపదమైనపుడు ‘బెజ్జపువాడ’ కావలెను. యుద్ధమల్లుని శాసనమునందే ‘బెజవాడ’ యని యేకజకారముతో రూపము గానవచ్చుచున్నది. అయినను గథలోని భావము త్రోసివేయఁదగినది కాదు. కఠినమైన శిలాపంక్తిని నది భేదించిన చోటిది యన్న యంశము కన్నులకు గోచరించునదే. ఇంద్రకీల శబ్దమునందలి కీలమునకు మేకు అని యర్థము. భారతమున నర్జునుఁడు తపము చేసిన యింద్రకీలము హిమవత్ప్రాంతమునది. ఆ పేరు నిక్కడి కొండకుఁ దెచ్చినవా రెవ్వరైనను, డెల్టా కొనను గొట్టిన మేకువలె నున్న కొండకుఁ దగిన పేరే పెట్టిరి.

ఊరి పేరువలెనే ఱాతి పేరును విచారణార్హము. పూర్వము భూగర్భశాస్త్రజ్ఞు లీ కొండల ఱాతిని ‘బెజవాడ నైసు’ అని వ్యవహరించిరి. నైసనఁగా మిక్కిలి వేఁడిమిచేతను నొత్తిడిచేతను రూపు మాఱి చారలు దేఱిన శిల. పిదప 1902లో టి. ఎల్. వాకరు కళాహండి సంస్థానపు భూగర్భమును వర్ణించుచు, అచ్చటి యిట్టి శిలకు ఖోండుజాతివారి పేర ‘ఖోండలైటు’ అని నామకరణము చేసెను. లోకమున నీ పేరే నిలిచినది. బెజవాడ పేరు పాతగ్రంథముల యడుగునఁ బడిపోయినది. దీని పొరుగున నుండు మసక నలుపు శిల యగు చార్నొకైటు పేరు మఱియు విచిత్రము. కలకత్తాలోని జాబు చార్నాకు సమాధిమీఁది ఱాతినిఁ బరీక్షించి టి. హెచ్. హాలండు దాని కా పేరు పెట్టెను. గోరీ యగుటచేత నొక ఱాయి వర్తకుని పేరు ధరించినది. వేయేండ్లకుఁ బైఁబడిన యూరికిఁ దన ఱాతిపైఁ బేరు దక్కలేదు.

ఇంతకు నా ఱాయి యెట్టిది? ఖోండలైటునందు గార్నెట్టు అను నెఱ్ఱని స్ఫటికములు, సన్నని సూదులవంటి సిల్లిమనైటు, పలుగుఱాయి, ఫెల్డ్‌స్పారు, అచ్చటచ్చటఁ బెన్సిళ్లలో వాడు గ్రాఫైటు పలుకులు నుండును. సిల్లిమనైటునం దల్యూమినియము మిక్కుటము. శిలయం దది యంత మిక్కుటముగా నుండుట పూర్వపు బంకమట్టికి గుఱుతు. అనఁగా నేఁడు కొండయై నిలిచిన దొకప్పుడు నీటియడుగున దిగిన యొండు. గ్రాఫైటు ఆ యొండులోఁ గలసిన కర్బనపు శేషమని తలఁతురు. ఆ మన్ను దెచ్చిన నదులు నశించినవి. అది దిగిన సముద్రమును నశించినది. కృష్ణ నేఁడు డెల్టాలోఁ జేయుచున్న పనియే మున్నొకప్పు డిందు జరిగినది.

ఆ యొండు భూమిలో నిరువది ముప్పది కిలోమీటర్ల లోఁతునకుఁ గ్రుంగి పక్వమైనది. బెజవాడకు వాయవ్యముననున్న కొండపల్లి శిలలను బరీక్షించినవారు అచ్చట వేఁడిమి 1000 సెంటిగ్రేడు డిగ్రీలకు మించె నని నిర్ణయించిరి. జిర్కాను అను సూక్ష్మస్ఫటికములలో యురేనియము సీసముగా మాఱు క్రమమును గణించి, ఆ పాకము సుమారు 160 కోట్ల యేండ్ల క్రిందట జరిగె నని చెప్పుచున్నారు. కేంబ్రియను యుగ మప్పటి కింకను నూఱుకోట్ల యేండ్ల దూరమున నున్నది. భూమిపై గడ్డిపోఁచ లేదు, నీటఁ జేఁప లేదు. కొండపల్లి యనఁగా బొమ్మలే జ్ఞప్తికి వచ్చును గాని, ఆ కొండలలోనే ద్రవరూపమున నెగసివచ్చి పొరలుపొరలుగా గడ్డకట్టిన గాబ్రో, పైరాక్సెనైటు శిలలును, వానినడుమఁ గ్రోమైటు ఖనిజమును గలవు. తూర్పుకనుమ లన్నియు నొక్కనాఁటి వని తలఁచుట మాత్రము సరికాదు. విశాఖపట్టణపు ఖోండలైట్లు సుమారు 100 కోట్ల యేండ్ల నాఁటి పాకమును దెలుపును. ఒకే శబ్దమునకు నానార్థము లున్నట్లు, ఒకే పేరి ఱాతికి నానాకాలము లున్నవి.

తరువాతి కథను సంగ్రహముగాఁ జెప్పవచ్చును. పైనున్న శిలాభార మరిగిపోఁగా లోఁతుననున్నది పైకి వచ్చినది. ఆ కాలమున నీ తీరమునకు నంటార్కిటికా యానుకొని యుండెను. సుమారు 13 కోట్ల యేండ్ల క్రింద నవి విడివడఁగా నడుమ సముద్రము ప్రవేశించినది. నేల మెట్లుమెట్లుగాఁ గ్రుంగి కృష్ణాగోదావరుల పల్లము ఏర్పడినది. చమురునకై త్రవ్విన బావులవలనను భూభౌతిక పరీక్షలవలనను, బాపట్ల తణుకు ప్రాంతముల వరిచేల క్రింద ప్రాచీనశిలల గట్లు మునిఁగి యున్నవని తెలిసినది. ఇంద్రకీలాద్రి యట్టివానిలో మునుఁగక మిగిలిన దనవచ్చును.

మనుష్యులు ఈ కీలము నాశ్రయించిన విధము లనేకము. 1852లో నారంభించి 1855లో ముగించిన కృష్ణ యానకట్టకు రెండు కొనలను బట్టినవి యీ రెండు కొండలే. నడుమ నున్నది యిసుక. 1952లో నది యానకట్టను దెంచినపుడు తెగినది నడిమి కట్టడమే కాని కొండకొనలు గావు. 1957లో నిర్మాణము ముగిసిన ప్రకాశము బారేజీ కూడ నా కనుమనే యాశ్రయించినది.

ఉండవల్లి గుహలను దొలిచిన శిల్పులు ఈ ఱాతి గుణమును భూగర్భశాస్త్రజ్ఞులకంటె ముందే యెఱిఁగిరి. ఆ గుహ లిసుకఱాతిలోఁ దొలిచిన వని పలువురు వ్రాయుచున్నారు. ఆ కొండయు నీ నైసు పంక్తిలోనిదే. ఎండవానలు సోఁకిన ఖోండలైటునందు ఫెల్డ్‌స్పారు తెల్లని సుద్దమట్టిగా మాఱును, గార్నెట్టులోని యినుము త్రుప్పువట్టి ఱాతికి నెఱ్ఱజీర నిచ్చును, ఉలికి మార్గము సుకరమగును. నాలుగంతస్తుల కట్టడమును, అందు శయనించిన యనంతుని మహావిగ్రహమును నీ మెత్తదనమువలనఁ గలిగినవే. మొగల్రాజపురము గుహల శిల్పము లరిగిపోవుటకును నా మెత్తదనమే కారణము.

కొండ స్థిరత్వమునకుఁ బర్యాయమని కవిసమయము. ఈ కొండల విషయమున నది యర్ధసత్యము. మట్టియై పుట్టినది మరల మట్టియగుచున్నది. చారల వెంటను బగుళ్ల వెంటను వాననీరు దిగి, గట్టిబండల నడుమ మెత్తని పొరను నానఁజేయును. వాలును దొలిచి యిండ్లకుఁ జదును చేసినచోట బండకు మూల మాధారము తప్పును. 2020 అక్టోబరులో దసరా యుత్సవముల నడుమ నింద్రకీలాద్రిపైఁ గొండచరియ విఱిగిపడినది. 2024 ఆగస్టు 31న కుంభవృష్టి కురిసినపుడు మొగల్రాజపురమునఁ గొండ క్రింది యిండ్లపై బండలు దొర్లి పలువురు మరణించిరి.