వయస్సు దాటిన చదువు

"ఏ వయసుకా ముచ్చట" యని మన పెద్దలు తరచుగా ననుచుందురు. పంట విషయమున నా మాట సత్యమే. అదను దాటిన పిమ్మట చల్లిన విత్తనము గాదెకు రాదని మీలో ప్రతివారును ఎరుగుదురు. కాని చదువు విషయమున గూడ మనమా మాటనే పట్టుకొని, ఎందరో ఆడుపిల్లల నోట మన్ను గొట్టితిమి. బడికి పోవలసిన యేండ్లలో పెండ్లి చేసితిమి. ఆ పెండ్లి నిలువక పోయినప్పుడు, ఇంక నీకు బడి యీడు దాటిపోయినదమ్మా యని చెప్పితిమి. మనమే త్రోవ మూసి, త్రోవ లేదని వారికే చెప్పితిమన్నమాట.

ఈడు దాటినదను మాటను అంగీకరింపని యొక సభను గూర్చి నేడు చెప్పదలచితిని. అది ఆంధ్ర మహిళా సభ. దాని చరిత్ర యంతయు చెప్పుటకు నాకిచ్చిన పావుగంట చాలదు. అందులో నొక్క పాయను మాత్రము పట్టుకొని పోయెదను.

మన దేశమున స్త్రీవిద్యకు పునాది అంతకు చాలకాలము పూర్వమే పడినది. కందుకూరి వీరేశలింగముగారు 1874లో ధవళేశ్వరమున బాలికల పాఠశాల పెట్టిరి. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున మొదటి వితంతు వివాహమును జరిపించిరి. 1922లో ఉన్నవ లక్ష్మీనారాయణగారు గుంటూరున శారదా నికేతనమును నెలకొల్పిరి. ఇవి మీరెరిగిన సంగతులే. అయినను వీని నడుమ నొక పెద్ద సందు మిగిలియుండెను. చిన్నపిల్లకు బడి కలదు. ధైర్యము గల వితంతువునకు పునర్వివాహము కలదు. మరల పెండ్లి వలదు, చదువుకొని నా కాళ్ళపై నేను నిలిచెదనను ఇరువదియేండ్ల స్త్రీ ఎక్కడికి పోవలెను? చిన్నపిల్లల నడుమ బల్లపై ఆమెను కూర్చుండబెట్టరు. పెద్ద పరీక్షకు పోవుటకు ఆమె కడ తగిన చదువు లేదు. బాల్యవివాహ నిరోధ శాసనము 1929లో పుట్టి 1930 ఏప్రిలులో అమలునకు వచ్చినది గాని, అంతకు ముందే మెడలో తాడు పడినవారికి దానివలన ఒరిగినది లేదు.

ఆ తాడు పడినవారిలో నొకరు దుర్గాబాయిగారు. ఆమె 1909 జూలై 15వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించిరి. ఎనిమిదవ యేట పెండ్లి చేసిరి. యుక్తవయస్సు వచ్చిన పిమ్మట ఆ కాపురమునకు పోనని ఆమె చెప్పగా, తండ్రియు సోదరుడును ఆమె పక్షమున నిలిచిరి. ఈ మాటను కొంచెము జ్ఞాపకముంచుకొనుడు. సోదరుడు నిలుచుట యన నేమో నాకు బాగుగా తెలియును. ఆ సంగతి చివర చెప్పెదను.

ఆంగ్లమున బోధించుటకు నిరసనగా ఆమె చిన్నతనముననే బడి విడిచి, హిందీ నేర్చి, తోడి బాలికలకు తానే హిందీ పాఠశాల పెట్టిరి. 1923లో కాకినాడ కాంగ్రెసు జరిగినప్పుడు పదునాలుగేండ్ల స్వచ్ఛందసేవికగా ఖద్దరు ప్రదర్శనశాల ద్వారమున నిలిచి, టికెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూగారినే లోనికి పోనీయలేదు. ఈ కథను మనవారు మిక్కిలి ముచ్చటగా చెప్పుకొందురు. నాకు మాత్రము అంతకంటె ఆమె కారాగార జీవితమే ముఖ్యముగా తోచును.

1930వ సంవత్సరపు ఉప్పు సత్యాగ్రహము మొదలు 1933 వరకు ఆమె మూడుమారులు చెరసాలకు పోయిరి. మధుర జైలులో ఏకాంత శిక్షయు అనుభవించిరి. హత్యానేరము మోపబడి శిక్షపడిన స్త్రీలను ఆమె అక్కడ చూచిరి. వారిలో పెక్కండ్రకు చదువన్నది లేదు. తమపై మోపిన నేరమేమో, తాము వేలిముద్ర వేసిన కాగితమున నేమి యున్నదో యెరుగనివారు. వారి కథలు వినిన పిమ్మటనే దుర్గాబాయిగారికి న్యాయశాస్త్రము చదువవలెనను కోరిక పుట్టినది. కోరిక పుట్టినంత సులభముగా త్రోవ దొరకునా? న్యాయశాస్త్రమునకు ముందు పట్టము, పట్టమునకు ముందు మెట్రిక్యులేషను. బడి విడిచి ఎన్నో యేండ్లయినది.

అప్పుడామెకు దొరికిన త్రోవ కాశీ హిందూ విశ్వవిద్యాలయమువారి మెట్రిక్యులేషను పరీక్ష. బడిలో వరుసగా తరగతులు గడుపకయే, స్త్రీలు ఇంటికడ చదువుకొని ఆ పరీక్షకు కూర్చుండవచ్చును. కాశికి పోయినవాడును కాటికి పోయినవాడును సమానమని మనలో సామెత యున్నదిగదా. కాటికి పంపినట్లు మూలకు నెట్టిన స్త్రీలకు ఆ కాశియే మరల బ్రతుకు చూపినది.

ఆ పరీక్షలు గడిచి ఆమె పట్టపు చదువునకు వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు పోగా, అక్కడ మరియొక గడప అడ్డువచ్చెను. అప్పుడు కట్టమంచి రామలింగారెడ్డిగారు ఉపాధ్యక్షులు. స్త్రీలకు వసతిగృహము లేదు గనుక చేర్చుకొనుట కష్టమని వారు చెప్పిరి. వసతిగృహ మెందుకు లేదు? చదువ వచ్చు స్త్రీలు లేరు గనుక. స్త్రీలెందుకు రారు? వసతిగృహము లేదు గనుక. పిచ్చి కుదిరినగాని పెండ్లి కాదు, పెండ్లి అయినగాని పిచ్చి కుదరదన్నట్లున్నది వరుస. దుర్గాబాయిగారు కన్నీరు పెట్టుకొని తిరిగిపోలేదు. వాల్తేరున చదువగోరు స్త్రీలు తనకు వ్రాయవలసినదని పత్రికలలో ప్రకటన వేయించిరి. పలువురు వ్రాసిరి. వారందరును కలిసి తామే యొక వసతిని ఏర్పరచుకొనిరి. ఇంక కాదనుటకు విశ్వవిద్యాలయమునకు కారణము లేకపోయెను.

ఆంధ్ర మహిళా సభ గుణమంతయు నాకీ చిన్న కథలోనే కనబడును. తనకొక్కతెకు గది సంపాదించుకొని చదువు ముగించుకొనుట ఆమెకు కష్టము గాదు. కాని త్రోవలేనివారు మరికొందరు ఉందురని తలచి, వారిని వెదకి, వెంటబెట్టుకొని లోనికి పోయిరి.

1937, 38 సంవత్సరములలో చెన్నపట్టణమున మైలాపూరులో ఆమె మొదట చిన్నపిల్లలను చేర్చి యొక సంఘము నడపిరి. పిల్లలకు హిందీ, ఆటలు, పాటలు. పిల్లలను తీసికొనివచ్చు తల్లులును అక్కలును గుమ్మముకడ నిలిచి యుందురు గదా. ఆ నిలిచినవారికై ఆంధ్ర మహిళా సభ యేర్పడినదని చెప్పిన తప్పుగాదు. అందు తెలుగు యువతులను కాశీ మెట్రిక్యులేషనునకు సిద్ధపరచు తరగతులు పెట్టిరి. తాను నడచి చూచిన దారి గనుక, గుంటలెక్కడ నున్నవో ఆమెకు తెలియును. పెండ్లియైనవారు, కానివారు, భర్త పోయినవారు, భర్త విడిచినవారు, ఎవరైనను సరియే. ఎంతవరకు చదివితివి, ఎప్పుడు మానితివి యని మాత్రమే ప్రశ్న. 1942లో ఆమె న్యాయవాది పట్టము పొంది మదరాసు హైకోర్టులో పనిచేయుచు, "ఆంధ్ర మహిళ" యను పత్రికకు సంపాదకత్వము వహించుచు, ఈ సభను పెంచిరి.

దిక్కులేని స్త్రీ యనగానే మన దాతలకు కుట్టుమిషనే జ్ఞాపకము వచ్చును. కుట్టుపని చెడ్డదని నేననను; సభవారును చేతిపనులు నేర్పిరి. కాని మిషను ఇచ్చి పంపివేయుటయు, పరీక్షకు కూర్చుండబెట్టుటయు ఒకటి గాదు. మిషను పూటకు కూడు పెట్టును. పరీక్ష పేరున ఆమె ఉపాధ్యాయిని కావచ్చును, నర్సు కావచ్చును, ఇంకను పైకి చదువవచ్చును. ఎక్కడ ఆగవలెనో ఆమెయే నిర్ణయించుకొనును.

ఇంకొక సత్యము గూడ చెప్పవలెను. మొదటి పది పదునైదేండ్లలో ఈ మేలు ఎక్కువగా పట్టణమున నున్నవారికి, పట్టణమున బంధువులు గలవారికి దక్కినది. మన పల్లెపిల్లకు మైలాపూరు ఎక్కడ, తానెక్కడ? 1951 జనాభా లెక్కలనాటికి దేశమున నూరుగురు స్త్రీలలో చదువను వ్రాయను వచ్చినవారు సుమారు తొమ్మండుగురు.

ఈ కొరత దుర్గాబాయిగారికే మరల యెదురైనది. 1953 ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి యేర్పడగా ఆమె ప్రథమాధ్యక్షురాలైరి. (ఆ సంవత్సరము జనవరిలోనే ఆమెకు చింతామణి దేశ్‌ముఖ్‌గారితో వివాహమైనది.) 1954 నుండి ఆ మండలి సుమారు ఇరువదియైదేసి గ్రామములకొక పథకము చొప్పున సంక్షేమ కేంద్రములు తెరువసాగెను. ఒక్కొక్క పథకమునకు గ్రామసేవికలు కావలెను, మంత్రసానులు కావలెను, బాలవాడి నడపువారు కావలెను. ధనము వచ్చినది, పని యున్నది, చేయుటకు చదివిన స్త్రీలే లేరు. పట్టణమునుండి పంపినవారు పల్లెలలో నిలువరైరి. అప్పుడు మైలాపూరు తరగతుల అనుభవమే అక్కరకు వచ్చెను. అరకొరగా చదివి మానిన వయోజన స్త్రీలకు, ఏండ్ల కొలది చదువవలసిన దానిని రెండేండ్లలో బోధించి పరీక్షకు పంపు సంక్షిప్త విద్యాపథకమును 1958లో మండలి దేశమంతట ప్రారంభించెను. స్థానిక స్వచ్ఛంద సంఘములు తరగతులు నడపెడివి; మండలి ద్రవ్యసహాయము చేసెడిది.

సభ అంతటితో ఆగలేదు. పోలియోచే కాళ్ళు చచ్చుబడిన పిల్లలకై చెన్నపట్టణమున వైద్యకేంద్రమును, హైదరాబాదులో అక్షరాస్యతా నిలయమును, స్త్రీలకు కళాశాలను పెట్టినది. అంధులకు దుర్గాబాయిగారు చేసిన సేవ వేరొక ప్రసంగమునకు చాలినంత గలదు. ఆమె 1981లో పరమపదించిరి.

ఇంక మా యింటి సంగతి. 1961లో మా యూరికి వచ్చు గ్రామసేవిక యొకనాడు మా అరుగుపై కూర్చుండి, జిల్లా కేంద్రమున ఒక మహిళా సంఘమువారు ఆ సంక్షిప్త తరగతులు పెట్టుచున్నారనియు, మా అక్కయ్యను పంపవలసినదనియు నాన్నగారిని అడిగినది. అక్కయ్యకు ఇరువదిరెండేండ్లు. అయిదవ తరగతి చదివినది. పదునెనిమిదవ యేట భర్త పోయి మా యింటికి వచ్చినది. నాన్నగారు చెడ్డవారు కారు. "చదవేస్తే ఉన్న మతి పోయిందని, ఈ వయస్సున దానికి పలకా బలపమా?" యని నవ్విరి. అయినను వెంటనే కాదనలేదు. ఉన్నత పాఠశాలలో చదువుచుండిన నావైపు తిరిగి, "ఏమిరా, నీవేమందువు?" అని అడిగిరి. నాకు పదునారేండ్లు. మా అక్కయ్య జడవేసుకొని పుస్తకములు పట్టుకొని బస్సెక్కినచో తోడి పిల్లలు నన్ను చూచి నవ్వుదురను నదియే నా మనస్సున మెదలినది. "ఎందుకు నాన్నగారూ, ఇంటిలో పని యెవరు చూచెదరు?" అంటిని. అక్కయ్య తలుపు చాటున నుండెను. విన్నదని నాకు తెలియును.

గ్రామసేవిక మా యింటినుండి లేచి సాలెవీథికి పోయినది. అక్కడ భర్త విడిచిన యొక పిల్ల యుండెను. ఆ పిల్ల తండ్రి మగ్గము దిగి వచ్చి, ఖర్చు లేదుగదా, పోనిండని యొప్పుకొనెను. ఆ పిల్ల రెండేండ్లు చదివి, పరీక్షయై, పిమ్మట ఉపాధ్యాయ శిక్షణయు పొంది, మా యూరి బడికే పంతులమ్మగా వచ్చినది. నా కుమార్తెకు అక్షరములు దిద్దించినది ఆమెయే.

నా కుమార్తెను బడికి దిగవిడుచుటకు మా అక్కయ్యయే పోవుచుండెను. దిగవిడిచి వెంటనే తిరిగి రాదు. వరండాలో స్తంభమున కానుకొని బడి గంట కొట్టువరకు కూర్చుండెడిది. కొన్నాళ్ళకు ఆ పంతులమ్మ ఆమెను లోనికి పిలిచి చిన్నపిల్లల వరుసలు చూడుమని చెప్పినదట. అక్కయ్య 1998లో పోయినది. ఆ అరుగుమీది మాటను ఆమె నాకడ నెన్నడు నెత్తలేదు. నేనును ఎత్తలేదు.