బోనస్ అంటే కొసరేనా?

మానుకోట అంగడిలో మా అత్తమ్మ కూరగాయలు కొన్నాక కొసరు పడనిదే సంచీ మూయదు. నాలుగు పచ్చిమిరపకాయలైనా సరే, పడాలి. దీపావళికి భూపాలపల్లి నుంచి మా చెల్లె "అక్కా, బోనస్ పడ్డది" అని ఫోన్ చేస్తే, ఆవిడ "అంటే కొసరే గదా!" అంది. మరిది సింగరేణిలో పర్మినెంటు కార్మికుడు. చెల్లెకు కోపమొచ్చింది. "ఊరికే ఇస్తున్నరా?"

నిజానికి ఇద్దరి మాటా తప్పు కాదండీ. లాటిన్‌లో 'బోనస్' అంటే 'మంచి' అని అర్థం. పిల్లల బడిలో తెచ్చుకునే బోనఫైడ్ సర్టిఫికెట్‌లో ఉన్నదీ ఆ మాటే. 18వ శతాబ్దంలో లండన్ షేర్ల వ్యాపారులు పైన వచ్చే లాభాన్ని ఇలా పిలిచారు. (మన బోనానికి దీనితో చుట్టరికం లేదు. అది భోజనం నుంచి వచ్చింది.)

మన దేశంలో ఇది బొంబాయి బట్టల మిల్లుల్లో పాకింది. మొదటి ప్రపంచ యుద్ధంలో ధరలు మండిపోతుంటే 1917లో జీతంపై 10 శాతం ఇచ్చారు. 1923లో యజమానులు ఆపేశారు. మరుసటి ఏడాది లక్షన్నర మందికి పైగా సమ్మె చేశారు. విచారణ కమిటీ మాత్రం, బోనస్ అడిగే హక్కు కార్మికులకు లేదని తేల్చింది. అంటే మా అత్తమ్మ మాటే! చెల్లె మాట నెగ్గడానికి 1965 దాకా పట్టింది. ఆ ఏడాది వచ్చిన చట్టం కనీస బోనస్ 4 శాతం అంది. తర్వాత అది 8.33 అయింది. ఈ వింత అంకె ఏమిటా అనుకునేదాన్ని. నూటిని పన్నెండుతో భాగించి చూడండి. ఏడాదికి ఒక నెల జీతమన్నమాట.

సింగరేణిలో దసరాకిచ్చేది లాభాల వాటా, దీపావళికిచ్చేది బోనస్. ఈ రెండూ కలిపితే చెల్లె ఊరుకోదు. ఆ లాభాల్లోంచి కాంట్రాక్టు కార్మికులకు మొదటిసారి 2024లో తలా 5,000 రూపాయలు ఇచ్చారు. దాన్ని ఏమనాలో చెల్లెకూ తెలియలేదు.

ఆ వానాకాలం నుంచే సన్నవడ్లకు క్వింటాలుకు 500 బోనస్ మొదలైంది. జనగామ దగ్గర మా బాపూ సన్నాలే వేశాడు. పాసుబుక్కు బాపుది, ఖాతా బాపుది. నాట్లు, కలుపు అమ్మవి.

"నీ బోనస్ అడిగినవా?" అన్నాను అమ్మతో.

"అడగాల్నా?" అంది.