పరుపు పుట్టుపూర్వోత్తరములు

ఆకలి రుచి యెరుగదు, నిద్ర సుఖ మెరుగదు అని పెద్దల మాట. ఎండలో ఒళ్లు వంచి పనిచేసిన కూలివానికి కటికనేలయు పట్టుపాన్పే. సామెత సత్యమే కాని, దానిని పట్టుకొని పరుపును విలాసవస్తువుల పట్టీలో చేర్చుట తగదు. జీవితమున ఇంచుమించు మూడవవంతు కాలమును మనము పండుకొనియే గడుపుచున్నాము. పగలెల్ల బరువు మోసిన వెన్నెముకకు విశ్రాంతి కలుగుట, మరునాడు మనిషి చురుకుగా లేచి పనిలోనికి దిగుట, మంచము పట్టిన రోగికి ఒరిపిడి పుండ్లు పడకుండుట, ఇవన్నియు క్రింద పరచిన వస్తువు మీద చాలవరకు ఆధారపడి యున్నవి. "సుఖమైన పరుపు ఏది? మన్నిక గల పరుపు ఏది?" అను ప్రశ్న నేడు అంగడికి పోయిన ప్రతి గృహస్థునకు ఎదురగుచున్నది. దానికి సమాధానము అంగడివాని మాటలలో కంటె పరుపు చరిత్రలో స్పష్టముగా దొరకునని మా అభిప్రాయము.

ముందుగా మాటను చూతము. పరచునది పరుపు. ఇందులో దూది ప్రసక్తి లేదు, మంచము ప్రసక్తియు లేదు. గడ్డి పరచినను పరుపే, ఆకులు పరచినను పరుపే. ఇంగ్లీషువారి 'మేట్రెస్' అను పదమునకు మూలము అరబ్బీ భాషలోని 'మత్రహ్'. దానికి 'పడవేయు చోటు' అని అర్థము. నేలపై మెత్తలు పడవేసికొని కూర్చుండుట, పండుకొనుట అరబ్బుల అలవాటు. ఆ అలవాటును, ఆ మాటను మధ్యయుగములలో ఐరోపావారు నేర్చుకొనిరి. దూరదూరపు భాషలు రెండును ఈ వస్తువునకు దాని పనిని బట్టియే పేరు పెట్టినవి.

ఆ పని ఎంత ప్రాచీనమైనదో ఇటీవలి త్రవ్వకములు తెలిపినవి. దక్షిణాఫ్రికాలోని సిబుడు అను గుహాశ్రయమున సుమారు 77,000 సంవత్సరముల నాటి పరుపుల పొరలు బయటపడినట్లు 2011లో పండితులు ప్రకటించిరి. ఆనాటివారు తుంగజాతి గడ్డిని మందముగా పరచి, దానిపై ఒక చెట్టు ఆకులను కప్పిరి. ఆ ఆకులకు దోమలను, పురుగులను తొలగించు గుణము గలదు. మరికొంత కాలమునకు పాతబడిన పరుపును అప్పుడప్పుడు తగులబెట్టి, ఆ చోటనే క్రొత్తది పరచుకొను అలవాటు కూడ వారికి కలిగెను. ఆ దేశమునందే బార్డర్ కేవ్ అను మరియొక గుహలో సుమారు రెండు లక్షల యేండ్ల నాడు బూడిద పోసి దానిపై గడ్డి పరచుకొనినట్లు 2020లో వెల్లడియైనది. ప్రాకెడు పురుగులకు బూడిద కిట్టదు. కావున ఒడలికి మెత్తన, నేల చెమ్మనుండి రక్షణ, పురుగు పుట్రలనుండి విముక్తి అను మూడు కోరికలును ఆనాడే పుట్టినవి. నేటి పరుపునుండి మనము కోరునవియు ఈ మూడే.

ఇక మన దేశమునకు వత్తము. క్రీ.పూ. 326లో అలెగ్జాండరు వెంట వచ్చిన మాసిడోనియా సైనికులకు మన ప్రత్తి వింతగా తోచినది. వారు దూదిని తలగడలలో కూరుకొనిరనియు, జీనులలో మెత్తగా వాడుకొనిరనియు ఆ దండులోని నౌకాధిపతి నియార్కస్ చెప్పిన మాటను స్ట్రాబో తన భూగోళ గ్రంథమున పేర్కొనెను.

బౌద్ధుల పాళీ వినయపిటకమున ఈ విషయము మరింత వివరముగా గలదు. భిక్షువులకు అనుమతింపబడిన పరుపులు ఐదు విధములు. ఉన్ని, గుడ్డపేలికలు, నార, గడ్డి, ఆకులు అనునవి వానిలో కూరదగిన వస్తువులు. ఈ పట్టీలో దూది లేదు. దూది పొదిగిన మంచమును చేయించుకొనిన భిక్షువు దానిని పెరికివేయవలెనని ఒక నియమము. అయితే తలగడలో మాత్రము చెట్టు దూదిని, తీగ దూదిని, గడ్డి దూదిని వాడవచ్చును. తలగడ తలకు సరిపడునంతయే యుండవలెను. విరాగులకు దూదిపరుపును నిషేధింపవలసి వచ్చినదన్న, సంసారుల యిండ్లలో అది భోగవస్తువుగా అప్పటికే చెల్లుచుండెనని తెలియుచున్నది. సామాన్యుడు మాత్రము తరతరములుగా చాపపైననో, నులకమంచముపైననో పండుకొనెను.

నులకమంచమును తక్కువగా చూడరాదు. 14వ శతాబ్దమున మన దేశమునకు వచ్చిన ఇబ్న్ బతూతా ఇచ్చటి మంచములను చూచి మెచ్చుకొనెను. అవి ఒక్క మనిషి మోయదగినంత తేలికైనవనియు, నాలుగు కోళ్లకు నాలుగు పట్టెలు బిగించి పట్టు లేక నూలు పట్టీలతో అల్లినవనియు, ఆ అల్లికయే సాగునది గనుక దానిపై పండుకొనువానికి వేరొక మెత్తన అక్కరలేదనియు అతడు వ్రాసెను. పరుపులకు, దుప్పట్లకు పైతొడుగులు వేసి, మాసినప్పుడు తొడుగును మాత్రమే ఉతుకుకొను మన పద్ధతిని కూడ అతడు గుర్తించెను. నులక వదులైనప్పుడు కాళ్లవైపు త్రాటిని లాగి బిగించుకొనుట మన పల్లెలలో పిల్లవానికి సైతము తెలిసిన విద్య. సుఖము తగ్గినప్పుడు వస్తువును పారవేయక సరిచేసికొను ఏర్పాటు అందులోనే యున్నది. మేము చెప్పదలచిన ముఖ్య విషయమునకు ఇదియే తొలిమెట్టు.

రెండవమెట్టు దూదేకుల వృత్తి. ఐరోపాలో ఈకల పరుపు ఆస్తిలో ఒక భాగమై వీలునామాలలోని కెక్కెను. 1616లో షేక్స్పియరు తన భార్యకు "రెండవ మేలైన పడక" వ్రాసి యిచ్చిన సంగతి ప్రసిద్ధము. మన యిండ్లలో పరుపు ఇంతకాలము మన్నుటకు కారణమైనది దూదేకుల విల్లు. దూది ఎంత మేలైనదైనను, మనిషి బరువునకు, చెమటకు నానాట అణగి ఉండలు కట్టును. అప్పుడు దూదేకులవారిని పిలిచెడివారు. వారు వాకిట పరుపును విప్పి, దూదిని కుప్పపోసి, నరముతో బిగించిన పెద్ద వింటిని దానిపై నిలిపి, రెండు కొసలయందును లావుగా నుండు కొయ్యతో నారిని కొట్టెడివారు. నారి అదరినప్పుడు పోగునకు పోగు విడివడును. దుమ్ము, గింజతునకలు క్రింద రాలును. దూది మబ్బు తునుకల వలె పైకి లేచును. ఉదయమున నడుము లోతు లేని కుప్ప మధ్యాహ్నమునకు పిల్లల నెత్తులకు మించి పొంగుట చూచి వీధివారు వింతపడెడివారు. పిదప దానిని సమముగా పరచి, గట్టి గుడ్డలో కూరి, దూది ఒక ప్రక్కకు జరుగకుండ దబ్బనముతో నడుమ నడుమ కుట్లు వేయుదురు. ఇట్లు కొన్నియేండ్ల కొకమారు ఏకించిన పరుపు తల్లినుండి కూతునకు సంక్రమించెడిది. గుడ్డ మారును, కుట్లు మారును. దూది మాత్రము చాలవరకు పాతదియే.

దిండ్లలో కూరు బూరుగు దూది స్వభావము వేరు. ఆ పోగు బోలుగా, నునుపుగా నుండి నీటిని పీల్చదు. అందువలననే పూర్వము నావికుల ప్రాణరక్షక కవచములలో ఈ జాతి దూదిని నింపెడివారు. అది వడకుటకు రాదు. కాలక్రమమున విరిగి పొడియగును. కావున తలబరువు మాత్రమే మోయు దిండునకు తగినది.

దూదేకులవారు తెలుగు నేలలో తెలుగే మాటలాడుచు, ఇరుగుపొరుగు మతస్థులతో కలసి మెలసి బ్రతికిన ముస్లిములు. పోతులూరి వీరబ్రహ్మముగారి ప్రియశిష్యుడు సిద్దయ్య ఈ కులమువాడే. వారి పని మన నుడికారమున నిలిచిపోయినది: తప్పులను విప్పి ఎండగట్టుటను 'ఏకుట' యందుము, మెత్తనివాడు కఠినుడైనచో 'ఏకు మేకైన' దందుము. ఇంత నిద్రను మనకు సమకూర్చిన ఆ వృత్తికి గల 'పింజారి' అను పేరును కొందరు తిట్టుగా వాడుట మన భాషకు గౌరవము కాదు. దానిని మానుకొనుట మన చేతిలోని పని.

20వ శతాబ్దమున పరుపు యంత్రశాలను చేరెను. కెనడాలో జేమ్స్ మార్షల్ ఒక్కొక్క స్ప్రింగును వేరు వేరు గుడ్డసంచిలో కుట్టు పద్ధతిని 1900లో కనిపెట్టెను. అమెరికాలోని సిమ్మన్స్ కంపెనీ 1925 నుండి అట్టి పరుపులను విరివిగా తయారుచేసెను. 1929లో ఇంగ్లండులో డన్‌లప్ కంపెనీ శాస్త్రజ్ఞులు రబ్బరుపాలను నురుగు వచ్చునట్లు చిలికి గట్టిపరచిరి. 1937లో జర్మనీలో ఒట్టో బేయరు పాలీయురితేను అను రసాయన పదార్థమును కనుగొనెను. నేటి ఫోము పరుపులలో పెక్కింటికి అదియే మూలము. ఒడలి వేడికి, ఒత్తిడికి మెల్లగా లొంగి, మెల్లగా పూర్వరూపము నొందు ఫోము 1966లో అమెరికా అంతరిక్ష సంస్థ పరిశోధనలలో, విమానపు ఆసనముల కొరకు పుట్టినది. మన దేశమున కొబ్బరిపీచును ఉంగరములు తిప్పి, రబ్బరుపాలు చల్లి, అచ్చులలో నొత్తిన పరుపులును వాడుకలోనికి వచ్చినవి. వీనిలో గాలి చక్కగా ఆడును. మన కోస్తా ఉక్కకు ఇది చిన్న మేలు కాదు.

ఇన్నింటిలో దేనిని ఎంచుకొనవలెను? వెన్నునొప్పికి చెక్కబల్ల వంటి పడకయే మందని చిరకాలముగా నమ్మిక గలదు. 2003లో లాన్సెట్ వైద్యపత్రికలో ఒక పరిశోధన వెలువడినది. స్పెయినులో చాలకాలముగా నడుమునొప్పితో బాధపడు 313 మందిని రెండు వర్గములు చేసి, కొందరికి గట్టి పరుపులు, కొందరికి మధ్యరకపు గట్టిదనము గలవి యిచ్చి 90 దినములు పరిశీలించిరి. మధ్యరకముపై పండుకొనినవారికే ఎక్కువ ఉపశమనము కలిగెను. కారణము ఊహింపదగినదే. ప్రక్కకు ఒత్తిగిలినప్పుడు భుజము, తుంటి ముందుకు పొడుచుకొని యుండును. మిక్కిలి గట్టి పరుపుపై బరువంతయు ఆ రెండు చోట్లనే పడును. మిక్కిలి మెత్తని దానిపై నడుము గుంతలో దిగును. భుజమునకు, తుంటికి కొంచెము చోటిచ్చి, నడుమును క్రిందికి పోనీయనిదే సుఖమైన పరుపు. దీనిని వ్రేలితో నొక్కి తెలిసికొనజాలము. అంగడిలో మొగమాటము విడిచి, అలవాటైన భంగిమలో కొంతసేపు పండుకొని చూడవలెను.

మన్నికకు గుర్తులు వేరు. దూదిపరుపు కుట్టించునప్పుడు చిటికెడు దూదిని రెండు చేతుల లాగి చూడవలెను. పోగు పొడవుగా సాగినచో మంచిది, పొట్టిగా తెగి చేతికి దుమ్ము అంటినచో అది పాతగుడ్డలను చీల్చి చేసినది. ఫోము విషయమున ఎత్తు కంటె సాంద్రత ముఖ్యము; ఒక ఘనపు మీటరునకు ఎన్ని కిలోలో అడుగవలెను. సాంద్రత హెచ్చిన కొలది సామాన్యముగా మన్నిక హెచ్చును. దూదిపరుపును ఎండబెట్టుట మంచిది; చెమ్మ ఆరును, గాలిలోని తేమపై బ్రతుకు ధూళిపురుగులకు ఆధారము తగ్గును. రబ్బరు, ఫోము పరుపులను మాత్రము తీవ్రమైన ఎండలో వేయరాదు, పాడగును. వానిని నీడలో గాలి తగులునట్లు నిలుపుట చాలును.

అయినను ఒక భేదము మిగిలియున్నది. నులక వదులైన బిగించుకొంటిమి, దూది అణగిన ఏకించుకొంటిమి. ఫోము గుంతపడిన పారవేయుట తప్ప ఇంటివారు చేయగలది లేదు; అది మట్టిలో సులభముగా కలియదు. సిబుడు గుహవాసులు తగులబెట్టిన పరుపు బూడిదయై మరియొక పరుపునకు నేలయైనది. మనము పారవేయునది ఊరి చివర గుట్టయగుచున్నది. యంత్రపు పరుపులు వచ్చిన పిదప దూదేకుల వృత్తి క్షీణించి, పలువురు ఇతర పనులలో చేరిరి. విద్యుత్తుతో నడచు ఏకుడు యంత్రమును బండిపై నమర్చుకొని వీధులలో తిరుగువారు ఇంకను కొందరు కలరు.

యంత్రపు పరుపు కొనవలదని మేము చెప్పుట లేదు. కొందరు రోగులకు అదియే అవసరము. కాని ఎంచుకొనునప్పుడు, "ఇది ఎన్ని యేండ్లు మన్నును?" అని అడుగుటతో పాటు, "ఇది అణగిన నాడు బాగుచేయువారెవరు?" అనియు అడుగుదము. అటకపై తాతలనాటి దూదిపరుపు ఉన్నచో దానిని పారవేయకముందు ఒక మూల విప్పి చూడుడు. పోగు ఇంకను పొడవుగా సాగుచున్నచో, ఈసారి ఏకుడు బండి కేక వీధిలో వినబడినప్పుడు దానిని ఆపుట మంచిది.