పులికాట్ సరస్సు

బంగాళాఖాతానికీ సూళ్లూరుపేట పల్లెలకూ నడుమ, శ్రీహరికోట దీవి చాటున పరుచుకున్న ఉప్పునీటి సరస్సు. ఈ తరహా సరస్సుల్లో మన దేశంలో చిలికా తర్వాత ఇదే పెద్దది. ఎక్కువ భాగం తిరుపతి జిల్లాలోను, దక్షిణపు కొస తమిళనాడులోను ఉన్నాయి. పాత పేరు ప్రళయకావేరి. స.వెం. రమేశ్ ‘ప్రళయకావేరి కథలు’ చదివినవాళ్లు ఇప్పటికీ ఆ పేరుతోనే తలుచుకుంటారు.

చరిత్ర గ్రంథాలకు మాత్రం ఇది రేవు. 1502లో పోర్చుగీసువారు దక్షిణపు ఒడ్డున దిగారు. 1613లో డచ్చివారు గెల్డ్రియా కోట కట్టి అద్దకం బట్టల వ్యాపారం సాగించారు. ఆ కోట శిథిలమైంది, డచ్చివారి సమాధులు మిగిలాయి.

సరస్సు బతుకంతా సముద్రంతో కలిపే ముఖద్వారాల మీదే ఆధారపడింది. పోటు నీటితోపాటు రొయ్య పిల్లలు, చేప పిల్లలు లోపలికొచ్చేది వాటిగుండానే. ఈశాన్య రుతుపవనాల వానలకు కాళంగి, ఆరణి నదులు మంచినీళ్లు తెస్తాయి. ఎండాకాలంలో నీరు ఇగిరి సముద్రం కన్నా ఉప్పనవుతుంది. సగటు లోతు మీటరుకు అటూ ఇటూ. ఉత్తరాన రాయదొరువు ముఖద్వారం ఇసుకతో పూడినప్పుడు ఆ వైపు సరస్సు వేసవిలో ఎండి బీటలు వారుతుంది, జాలర్లు వలసపోతారు. శ్రీహరికోటను 1969లో రాకెట్ కేంద్రానికి ఎంపిక చేశాక, సూళ్లూరుపేట నుంచి సరస్సుకు అడ్డంగా వేసిన రోడ్డు కూడా నీటి కదలికను దెబ్బతీసింది. విచిత్రమేమంటే, పక్షులను చూడటానికి ఆ రోడ్డు కన్నా మంచి చోటు లేదు.

1976లో ఆంధ్ర భాగాన్ని పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు. ఫ్లెమింగోలు ఇక్కడికి మేతకే వస్తాయి, గుడ్లు పెట్టవు. దగ్గర్లోని నేలపట్టులో నీళ్లలో నిలిచిన చెట్ల మీద గూళ్లు కట్టే గూడబాతులకూ మేత ఇక్కడే. 2001లో ఫ్లెమింగో పండుగ మొదలయ్యాక జనం పెరిగారు.

లోతు తక్కువని ధైర్యపడేవాళ్లే ప్రమాదంలో పడతారు. బురదలో కాలు దిగబడితే పైకి లాక్కోవడం కష్టం. ముఖద్వారాల దగ్గర పోటుపాట్ల వేళ నీటి ఉరవడి ఎక్కువ. 2011 డిసెంబరు 25న తమిళనాడులోని పళవేర్కాడు వైపు విహారపు పడవ మునిగి 22 మంది చనిపోయారు. వాళ్ల ఒంటి మీద లైఫ్ జాకెట్లు లేవు. పక్షులు దండిగా దిగే అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలలే ఈ తీరానికి తుపానుల కాలం కూడా. కాబట్టి పడవ ఎక్కేముందు వాతావరణ హెచ్చరిక చూసుకోవాలి, జాకెట్ అడిగి తొడుక్కోవాలి, మోయగలిగిన దానికన్నా ఎక్కువమందిని ఎక్కిస్తుంటే దిగిపోవాలి.