జ్వరం, దిగులు, మతిమరుపు

న్యూయార్క్‌లోని స్టాటెన్ ఐలాండ్‌లో సీ వ్యూ అనే పెద్ద క్షయ ఆసుపత్రి ఉండేది. 1952లో అక్కడ తీసిన ఫొటోలు అమెరికా పత్రికల్లో వచ్చాయి. మంచం దిగలేరనుకున్న రోగులు వార్డు హాల్లో గుమిగూడి నవ్వుతున్నారు, చప్పట్లు కొడుతున్నారు, కొందరు చిందులేస్తున్నారు. వాళ్లకు ఇచ్చిన కొత్త మందుల్లో ఒకటి ఇప్రోనియాజిడ్. రెండో ప్రపంచ యుద్ధంలో రాకెట్ ఇంధనంగా వాడిన హైడ్రజిన్ కుటుంబంలో పుట్టిన మందు అది. ఆకలి పెరగడం, నిద్ర తగ్గడం, ఉత్సాహం పొంగడం దాని దుష్ప్రభావాల జాబితాలోకి ఎక్కాయి. సంతోషం కూడా దుష్ప్రభావమే అని రాసుకోవాల్సి రావడం వైద్యానికి తరచూ జరిగే పని కాదు.

కుంగుబాటుకు మాత్రలు పుట్టిన కథ చెప్పేవాళ్లంతా ఈ హాలు దగ్గర ఆగుతారు. ఆ చిందులనే చూస్తారు. నాకు మాత్రం వాళ్లు అంతకుముందు నెలల తరబడి పడుకున్న మంచాలు కనిపిస్తాయి. ఊపిరితిత్తుల్లో క్షయ, సాయంత్రమయ్యేసరికి జ్వరం, ఒళ్లంతా ఇన్‌ఫ్లమేషన్. అదే కుటుంబానికి చెందిన ఐసోనియాజిడ్ క్షయను బాగానే తగ్గించినా అంత హుషారు తేలేదు. కాబట్టి ఇప్రోనియాజిడ్ మెదడులో ఏదో చేసిందనడం న్యాయమే. అయితే క్షయే వాళ్లను అంతగా కుంగదీసిందా అన్న ప్రశ్నను అడగకుండానే అందరూ ముందుకు సాగిపోయారు. మళ్లీ ఆ ప్రశ్న దగ్గరికి రావడానికి నలభై ఏళ్లు పట్టింది.

ఇన్‌ఫ్లమేషన్‌ను తెలుగులో వాపు అంటాం. కాలు బెణికితే వచ్చే వాపుతో మొదలైన మాటే గానీ ఇక్కడ దాని అర్థం ఇంకా పెద్దది. క్రిమి చొరబడినా, కణజాలం దెబ్బతిన్నా రోగనిరోధక కణాలు సైటోకైన్లు అనే ప్రొటీన్లను వదిలి ఒళ్లంతా చాటింపు వేస్తాయి. ఆ చాటింపు వినిపించినప్పుడు మనిషి ఎలా ఉంటాడో చూడటానికి ప్రయోగశాల అక్కర్లేదు. వైరల్ జ్వరం పట్టిన మనిషి పక్కన కూర్చుంటే చాలు. దుప్పటి ముసుగేసుకుని గోడవైపు తిరిగి పడుకుంటాడు. టీవీ కట్టేయమంటాడు. ఇష్టమైన పప్పుచారు పెట్టినా ముద్ద దిగదు. చుట్టాలొచ్చి పలకరిస్తే చిరాకు. మందు వేసుకున్నావా అంటే, ఏమో, గుర్తులేదంటాడు. ఒళ్లు కాలడాన్ని పక్కన పెట్టి ఈ లక్షణాలన్నీ ఒక కాగితం మీద రాసి మానసిక వైద్యుడికి చూపిస్తే ఆయన ఏం జబ్బంటాడో ఊహించుకోవచ్చు.

మెదడులో ఇన్‌ఫ్లమేషన్ వస్తే మతి పోతుందని ఇరవయ్యో శతాబ్దపు తొలినాళ్లలోనే రుజువైంది. అప్పటి పాశ్చాత్య పిచ్చాసుపత్రుల్లో గొప్పలు పోతూ, జ్ఞాపకం చెదిరిపోతూ, చివరికి పక్షవాతంతో చనిపోయే రోగులు చాలామంది ఉండేవారు. 1913లో హిదెయో నొగుచి, జె.డబ్ల్యు. మూర్ అలాంటివారి మెదడులో సిఫిలిస్ క్రిమిని చూపించారు. వియన్నాలో యూలియస్ వాగ్నర్-యౌరెగ్ 1917లో ఈ రోగులకు మలేరియా రక్తం ఎక్కించి, జ్వరంతో జబ్బును కాల్చే ప్రయత్నం చేశాడు. ఆ మొరటు చికిత్సకు 1927లో నోబెల్ కూడా వచ్చింది. తర్వాత పెన్సిలిన్ వచ్చి ఆ రోగులను వార్డుల నుంచి ఖాళీ చేసింది. రోగులతోపాటే, క్రిములకూ మనసుకూ సంబంధముందన్న ఆలోచన కూడా మానసిక వైద్యం గడప దాటి పోయిందని నా అనుమానం. గెలిచిన యుద్ధాన్ని ఎవరూ గుర్తుపెట్టుకోరు.

ఈ కథలో రెండో పాయ నాడీ రసాయనాలది. అది ఒక కలతో మొదలైంది. ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో ఆటో లోవీకి ఒక రాత్రి కలలో ఒక ప్రయోగం తోచింది. లేచి కాగితం మీద గిలికి మళ్లీ పడుకున్నాడు. తెల్లారి చూస్తే తన రాత తనకే అర్థం కాలేదు, కల గుర్తులేదు. మరుసటి రాత్రి మూడు గంటలకు అదే కల మళ్లీ వస్తే ఈసారి పడుకోకుండా ప్రయోగశాలకు వెళ్లిపోయాడు. రెండు కప్ప గుండెలు తీసుకుని, ఒకదాని వేగస్ నాడిని విద్యుత్తుతో కదిపాడు. గుండె నెమ్మదించింది. దాని చుట్టూ ఉన్న ఉప్పునీటిని రెండో గుండె మీద పోస్తే అదీ నెమ్మదించింది. నాడి తన మాటను రసాయనంతో చెబుతోందని 1921లో ప్రకటించాడు. ఆ రసాయనమే అసిటైల్‌కోలిన్. 1936లో హెన్రీ డేల్‌తో కలిసి నోబెల్ అందుకున్నాడు. ఈ వేగస్ నాడిని గుర్తుంచుకోండి, కథ చివర్లో మళ్లీ వస్తుంది.

సెరటోనిన్‌ను 1948లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో మారిస్ రాపోర్ట్ బృందం రక్తం నుంచి వేరు చేసింది. రక్తనాళాలను బిగించే పదార్థంగానే దానికి ఆ పేరు. అది మెదడులోనూ ఉందని 1953లో బెట్టీ ట్వారాగ్ చూపించాకే దాని దశ మారింది. ఇక్కడ కథలోకి మన దేశపు వేరు ఒకటి వచ్చింది. పాతాళగంధి అనీ సర్పగంధి అనీ మనం పిలిచే మొక్కకు బీహార్‌లో పిచ్చివాళ్ల మందు అనే పేరే ఉండేది. 1931లో గణనాథ సేన్, కార్తీక చంద్ర బోస్ దాన్ని రక్తపోటుకూ ఉన్మాదానికీ వాడి ఫలితాలు ప్రచురించారు. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ రాసిన వ్యాసం బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో రావడంతో పశ్చిమం చూపు ఇటు తిరిగింది. 1952లో స్విట్జర్లాండ్‌లోని సీబా సంస్థ ఆ వేరు నుంచి రిసర్పిన్‌ను తీసింది.

రక్తపోటుకు రిసర్పిన్ వాడిన కొందరు దిగులుపడిపోయారని వైద్యులు రాశారు. 1955లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో బెర్నార్డ్ బ్రాడీ బృందం, ఆ మందు మెదడులోని సెరటోనిన్‌ను ఖాళీ చేస్తోందని చూపించింది. మరోవైపు ఇప్రోనియాజిడ్ ఇలాంటి రసాయనాలను విరగ్గొట్టే ఎంజైమును ఆపుతుందని అప్పటికే తెలుసు. ఒక మందు రసాయనాన్ని తగ్గిస్తే దిగులు, ఇంకోటి నిలబెడితే హుషారు. లెక్క ఎంత ముచ్చటగా కుదిరిందంటే, కుదరని అంకెలను చూడటానికి ఎవరికీ మనసు రాలేదు. అదే 1955లో లండన్‌లో డేవీస్, షెపర్డ్ రిసర్పిన్ ఇస్తే ఆందోళనతో, దిగులుతో ఉన్నవాళ్లకు ఉపశమనం కలిగిందని లాన్సెట్‌లో రాశారు. ఆ వ్యాసాన్ని పట్టించుకున్నవారు తక్కువ.

1956లో స్విస్ వైద్యుడు రోలండ్ కూన్, స్కిజోఫ్రీనియాకని వచ్చిన ఇమిప్రమైన్ ఆ జబ్బుకు పనికిరాక, కుంగుబాటుకు పనిచేయడం గమనించాడు. మరుసటి ఏడాది నేథన్ క్లైన్ ఇప్రోనియాజిడ్‌ను నేరుగా కుంగుబాటు రోగులకే ఇచ్చి చూశాడు. నాడి వదిలిన రసాయనాన్ని అదే నాడి తిరిగి పీల్చుకుంటుందనీ, ఇమిప్రమైన్ ఆ పీల్పును ఆపుతుందనీ 1961లో జూలియస్ యాక్సెల్‌రాడ్ తేల్చాడు. 1965లో జోసెఫ్ షిల్డ్‌క్రాట్ నారడ్రినలిన్ అనే నాడీ రసాయనం కొరతను, 1967లో అలెక్ కాపెన్ సెరటోనిన్ కొరతను కుంగుబాటుకు మూలంగా నిలబెట్టారు. 1987 చివర్లో అమెరికాలో అనుమతి పొందిన ప్రొజాక్ అనే సెరటోనిన్ మాత్రతో ఆ ఊహ ఇంటింటికీ చేరింది. పారాసెటమాల్ వేస్తే జ్వరం తగ్గుతుంది గనక ఒంట్లో పారాసెటమాల్ తక్కువైనందుకే జ్వరం వచ్చిందనే వాదన ఎలాంటిదో ఇదీ అలాంటిదే. మాత్ర వేసుకున్న కొన్ని గంటల్లోనే సెరటోనిన్ పీల్పు ఆగుతుంది. మనసు తేరుకోవడానికి మాత్రం వారాలు పడుతుంది. మధ్యలో ఏం జరుగుతోంది? 2022లో జోవానా మాంక్రీఫ్ బృందం ఉన్న సాక్ష్యాలన్నీ ఒకచోట పేర్చి, సెరటోనిన్ కొరతే కుంగుబాటుకు కారణమనడానికి నిలకడైన ఆధారం లేదంది. మాత్రలు చాలామందికి పనిచేస్తాయన్నది వేరే మాట. రెండూ ఒకేసారి నిజం కావచ్చు. అందుకే ఆ వార్త చదివి ఎవరూ సొంతంగా మాత్రలు ఆపకూడదు.

కుంగుబాటుతో వచ్చేవాళ్లు ముందు చెప్పేది తరచూ దిగులు గురించి కాదు. ఏదీ గుర్తుండటం లేదు డాక్టరుగారూ, పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోతున్నాను అంటారు. పెద్దవాళ్లలో ఇది అచ్చం మతిమరుపు జబ్బులా కనిపిస్తుంది. 1961లో లెస్లీ కైలో దీన్ని సూడో డిమెన్షియా అన్నాడు. జ్ఞాపకానికీ నాడీ రసాయనాలకూ ఉన్న లంకెను చూపించింది ఒక సముద్రపు నత్త. ఎప్లీషియా అనే ఆ నత్తకు దాదాపు 20,000 నాడీకణాలే ఉంటాయి. తోక మీద దెబ్బ తగిలినప్పుడు దాని నాడుల్లో సెరటోనిన్ విడుదలై, కణాల మధ్య బంధాన్ని బిగించి, దెబ్బను గుర్తుంచుకునేలా చేస్తుందని ఎరిక్ కాండెల్ దశాబ్దాలపాటు శ్రమించి చూపించాడు. దిగులుకు ముడిపెట్టిన రసాయనమే జ్ఞాపకానికీ ముడిపడి ఉందన్నమాట. 1973లో ఓస్లోలో టిమ్ బ్లిస్, టెర్యె లోమో కుందేలు మెదడులో జ్ఞాపకానికి కీలకమైన హిప్పోక్యాంపస్‌లో నాడీ బంధాలు గంటల తరబడి బలపడి నిలవడం చూశారు. గ్లుటమేట్ అనే నాడీ రసాయనాన్ని అందుకునే ఎన్‌ఎండీఏ గ్రాహకం ఆ బలపడటానికి తలుపు వంటిదని తర్వాత తెలిసింది. 1996లో యివెట్ షెలైన్, పదేపదే కుంగుబాటుకు గురైన స్త్రీలలో ఆ హిప్పోక్యాంపస్సే చిన్నదిగా ఉండటం స్కానింగ్‌లో చూపించింది.

ఇంత జరుగుతున్నా రోగనిరోధక శాస్త్రం, మానసిక శాస్త్రం ఒకదాని వీధిలోకి ఒకటి రాలేదు. మెదడులో రక్షణ పనిచేసే మైక్రోగ్లియా కణాలను స్పెయిన్‌లో పియో దెల్ రియో-ఒర్తెగా వెండి రంగుతో 1919లోనే చూపించాడు. కానీ 1948లో పీటర్ మెడావర్ కుందేలు మెదడులో పెట్టిన పరాయి చర్మాన్ని, ముందుగా సిద్ధం చేస్తే తప్ప, ఒళ్లు తిరస్కరించలేదని కనుక్కున్నాక మెదడు కోటగోడల వెనక ఉన్న రాజ్యమనే నమ్మకం గట్టిపడింది. 1988లో పశువైద్యుడు బెంజమిన్ హార్ట్, జబ్బుపడ్డ జంతువు ముడుచుకు పడుకోవడం నీరసం కాదు, శక్తిని జ్వరం కోసం దాచుకునే ఏర్పాటు అని రాశాడు. దుప్పటి ముసుగులో మనం చూసిన మనిషి సంగతే ఇది. ఫ్రాన్స్‌లోని బోర్డోలో రాబర్ట్ డాంట్జర్ ఎలుకలకు సైటోకైన్లు ఇచ్చి అదే ముడుచుకుపోవడాన్ని తెప్పించాడు. 1991లో రొనాల్డ్ స్మిత్ ఒకడుగు ముందుకేసి, రోగనిరోధక కణాల స్రావాలే కుంగుబాటుకు మూలమన్నాడు. ఆ మాట అప్పట్లో అతిగానే తోచింది.

మనుషుల్లో రుజువు అనుకోని చోటి నుంచి వచ్చింది. హెపటైటిస్ సీకి, ఒకరకం చర్మపు క్యాన్సర్‌కు ఇంటర్ఫెరాన్ ఆల్ఫా సూదులిచ్చేవారు. అది సైటోకైనే. అంతకుముందు ఏ మానసిక సమస్యా లేనివాళ్లు వారాల్లో కుంగిపోయేవారు. 2001లో అట్లాంటాలోని ఎమోరీ విశ్వవిద్యాలయ వైద్యులు 40 మంది క్యాన్సర్ రోగులను తీసుకుని, సగం మందికి ముందుగానే ప్రొజాక్ తరహా పారాక్సిటిన్ మాత్ర మొదలుపెట్టారు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 45 శాతం మందికి తీవ్ర కుంగుబాటు వచ్చింది. అసలు మాత్ర వేసుకున్నవాళ్లలో 11 శాతం. సీ వ్యూ హాల్లో కలగాపులగమైన రెండు సంగతులూ ఇక్కడ విడివిడిగా తేలాయి: కుంగదీసింది ఇన్‌ఫ్లమేషన్, ఆపింది సెరటోనిన్ మాత్ర.

రెండు దారులూ కలిసేది ట్రిప్టోఫాన్ దగ్గర. పాలు, గుడ్లు, పప్పుల్లోంచి మనకందే ఈ ఎమైనో ఆమ్లం నుంచే ఒళ్లు సెరటోనిన్ చేసుకుంటుంది. 1967లో జపాన్‌లో ఒసాము హయాయిషి బృందం కుందేలు పేగుల్లో ఐడీఓ అనే ఎంజైమును కనుక్కుంది. సైటోకైన్లు రేగినప్పుడు ఇది చెలరేగి, ట్రిప్టోఫాన్‌ను సెరటోనిన్ వైపు వెళ్లనీయకుండా కైనురెనిన్ అనే పదార్థంగా మళ్లిస్తుంది. ఊళ్లో నిప్పంటుకుంటే చేలకు వెళ్లే నీటిని అటు మళ్లించినట్టు. చేలు ఎండటంతో నష్టం ఆగదు. మైక్రోగ్లియా ఆ కైనురెనిన్‌ను క్వినోలినిక్ ఆమ్లంగా మారుస్తాయి. అది వెళ్లి పట్టుకునేది ఎన్‌ఎండీఏ గ్రాహకాన్నే, అంటే జ్ఞాపకపు తలుపునే. మోతాదు మించితే నాడీకణానికి విషం. జ్వరం, దిగులు, మతిమరుపు మూడూ ఒకే ఇంట్లో ఎందుకు కనిపిస్తాయో చెప్పే వివరణల్లో నాకు ఇదే ఎక్కువ నచ్చింది. నచ్చినంత మాత్రాన మొత్తం నిజమని కాదు. రిసర్పిన్ లెక్క కూడా ఇంతే ముచ్చటగా ఉండేది.

2001లోనే మ్యూనిక్‌లో 20 మంది ఆరోగ్యవంతులైన యువకులకు బాక్టీరియా పైపొరలోని విషాన్ని అణుమాత్రం ఎక్కించారు. ఒంట్లో బాగోలేదని వాళ్లకు పెద్దగా అనిపించలేదు. కానీ ఆందోళన, దిగులు పెరిగాయి, విన్న కథను తిరిగి చెప్పడంలో వెనకబడ్డారు. 2003లో మిషెల్ మోన్యె, ఎలుకల్లో ఇన్‌ఫ్లమేషన్ వల్ల హిప్పోక్యాంపస్‌లో కొత్త నాడీకణాలు పుట్టడం ఆగిపోతుందనీ, ఇండోమెథాసిన్ అనే నొప్పుల మాత్ర దాన్ని తిరిగి నిలబెడుతుందనీ చూపించింది. అలాగని వాపును శత్రువని తేల్చేయడానికి లేదు. ఇంటర్ల్యూకిన్-1 అనే సైటోకైన్ కొద్దిగా ఉంటేనే ఎలుకలు పాఠం నేర్చుకుంటాయి. పూర్తిగా లేకపోయినా, మరీ ఎక్కువైనా నేర్చుకోవు.

మరి వాపు తగ్గించే మందులతో దిగులు తగ్గుతుందా? కీళ్లవాతానికిచ్చే ఇన్‌ఫ్లిక్సిమాబ్‌ను ఎమోరీలోనే 60 మంది మొండి కుంగుబాటు రోగులకిచ్చి 2013లో ఫలితం ప్రచురించారు. మొత్తం మీద ఉత్తుత్తి మందుకూ దీనికీ తేడా లేదు. విడగొట్టి చూస్తే, వాపును సూచించే సీఆర్‌పీ అనే ప్రొటీన్ లీటరు రక్తంలో 5 మిల్లీగ్రాములకు పైన ఉన్నవాళ్లు తేరుకున్నారు, తక్కువున్నవాళ్లకు ఉత్తుత్తి మందే నయమనిపించింది. కుంగుబాటు ఒక్క జబ్బు కాదని ఇంతకంటే సూటిగా చెప్పిన ప్రయోగం నాకు కనబడలేదు. మైక్రోగ్లియాను శాంతపరిచే మినోసైక్లిన్‌ను కూడా పరీక్షించారు. ఆ మందు మూలాలు భీమవరంలో పుట్టిన ఒక తెలుగువాడు పనిచేసిన ప్రయోగశాలలోవి. యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధన విభాగాన్ని నడిపిన లెడర్లీ సంస్థలో 1948లో ఆరియోమైసిన్ వచ్చింది. అదే ఏడాది ఆగస్టులో ఆయన పోయారు. ఆ టెట్రాసైక్లిన్ల కుటుంబంలో తర్వాత అదే సంస్థలో పుట్టిందే మినోసైక్లిన్. జర్మనీలో చేసిన పెద్ద పరీక్షలో దానివల్ల మేలు కనబడలేదని 2022లో రాశారు. సీఆర్‌పీ ఎక్కువున్నవాళ్లను వేరు చేసి చూసిన చిన్న పరీక్షలో కొంత ఆశ కనిపించింది.

ఇక వేగస్ సంగతి. 2000లో కెవిన్ ట్రేసీ బృందం ఎలుకలకు బాక్టీరియా విషమెక్కించి, లోవీ లాగే వేగస్ నాడిని విద్యుత్తుతో కదిపింది. టీఎన్‌ఎఫ్ అనే సైటోకైన్ పడిపోయింది. రోగనిరోధక కణాల మీద ఆ పని చేసింది అసిటైల్‌కోలినే. కప్ప గుండెను నెమ్మదింపజేసిన రసాయనమే వాపునూ నెమ్మదింపజేస్తోంది. 2005లో, ఏ మాత్రకూ లొంగని కుంగుబాటుకు వేగస్‌ను కదిపే పరికరాన్ని అమెరికా అనుమతించింది. కాలర్ ఎముక కింద చర్మంలో అమర్చిన చిన్న డబ్బీ సాధారణంగా అయిదు నిమిషాలకోసారి, ముప్ఫై సెకన్లపాటు నాడిని తట్టి లేపుతుంది. ఆ ముప్ఫై సెకన్లూ కొందరికి గొంతు బొంగురుపోతుంది. మాట్లాడుతున్నవాళ్లు ఆగి, అది అయ్యాక మళ్లీ అందుకుంటారు.